రాతి దూలం ఎత్తే లెక్క: బలాలను కలపడం, సరితూచడం

కడప, తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాయి ఎత్తడం కొత్త పనేమీ కాదు. దూలానికి రెండు చోట్ల మోకు చుట్టి, ఆ రెండు పాయలనూ పైన చైన్ బ్లాక్ (గొలుసుతో బరువులెత్తే కప్పీ) కొక్కేనికి తగిలిస్తారు. డిప్లొమా విద్యార్థులు తడబడే స్టాటిక్స్ (కదలని వస్తువుల మీది బలాల) లెక్కలు చాలావరకు ఈ ఒక్క పనిలోనే ఉన్నాయి. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే దూలంతో లెక్క చేద్దాం.

ముందు బరువు. దూలం పొడవు 2 మీటర్లు, వెడల్పు 25 సెం.మీ., మందం 15 సెం.మీ. అంటే 0.075 ఘనపు మీటర్లు. కడప రాయి సున్నపురాయి జాతిది, ఘనపు మీటరుకు సుమారు 2,700 కిలోలు తూగుతుంది. దూలం 202 కిలోల పైచిలుకు అవుతుంది. దాన్ని 9.81తో గుణిస్తే 1,987 వస్తుంది, లెక్కకు 2,000 న్యూటన్లు తీసుకుందాం. కిలోలు ద్రవ్యరాశి, న్యూటన్లు బలం. ఈ రెండింటినీ ఒకే సమీకరణంలో పెడితే జవాబు సుమారు పదింతలు తప్పుతుంది.

కలపడం

దూలం దగ్గరికి పోయే ముందు ఒక చిన్న ఉదాహరణ: నేల మీద ఒక బండను ఇద్దరు తాళ్లతో లాగుతున్నారు. ఒకరు తిన్నగా 400 న్యూటన్లతో, రెండోవారు దానికి 60 డిగ్రీల పక్కగా 300 న్యూటన్లతో. మొత్తం 700 కాదు. రెండో తాడును రెండు అంశాలుగా విడగొట్టండి: మొదటి తాడు వెంబడి 300 × కాస్ 60 = 150, దానికి లంబంగా 300 × సైన్ 60 = 260. ఇప్పుడు తిన్నగా 550, పక్కకు 260. వాటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే ఫలిత బలం 608 న్యూటన్లు. 260ని 550తో భాగిస్తే టాన్ విలువ వస్తుంది, కోణం మొదటి తాడు నుంచి సుమారు 25 డిగ్రీలు. గ్రాఫ్ కాగితం మీద 100 న్యూటన్లకు 2 సెం.మీ. చొప్పున గీసి, సమాంతర చతుర్భుజం కర్ణాన్ని కొలిచినా 12.2 సెం.మీ. దగ్గరే వస్తుంది. కొత్తవాళ్లు రెండు విధాలా చేసి చూడటం మంచిది.

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. సైన్ 60 కొడితే 0.866 రావాలి. మైనస్ 0.305 వచ్చిందంటే అది రేడియన్లలో ఉంది.

సరితూచడం

ఇక దూలం ఎత్తుదాం. లెక్క మొదలుపెట్టే ముందు ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయాలి. దీన్ని దాటేసి నేరుగా సూత్రంలోకి దూకినవాళ్లే ఎక్కువగా తప్పుతారు. ఏ వస్తువు గురించి లెక్క వేస్తున్నామో తేల్చుకుని, దాన్ని తాకే ప్రతిదాన్నీ ఊహలో కోసేసి, కోసిన ప్రతిచోటా ఒక బాణం పెట్టాలి. మనం తీసుకున్నది కొక్కెం. దాని మీద మూడే బాణాలు: పైకి గొలుసు లాగే 2,000, కిందికి ఏటవాలుగా రెండు మోకుల తన్యతలు (బిగిసిన మోకు లాగే బలాలు). తాడు ఎప్పుడూ లాగుతుందే గానీ నెట్టదు. కనుక మోకు బాణం కొక్కెం నుంచి బయటికే పోవాలి.

కొక్కెం కదలడం లేదు. అందుచేత అడ్డ అంశాల మొత్తం సున్నా, నిలువు అంశాల మొత్తం సున్నా. రెండు మోకులూ ఒకే వాలులో ఉంటే ఒక్కో మోకు తన్యత = బరువు ÷ (2 × సైన్ కోణం). కోణాన్ని అడ్డ గీత నుంచి కొలవాలి.

60 డిగ్రీలు: 1,155 న్యూటన్లు
45 డిగ్రీలు: 1,414
30 డిగ్రీలు: 2,000
15 డిగ్రీలు: 3,864

30 డిగ్రీల దగ్గర ఒక్కో మోకు దూలం బరువంతా మోస్తోంది. 15 దగ్గర దాదాపు రెండింతలు. దూలం మారలేదు, మోకు పొట్టిదై వాలు తగ్గిందంతే. కోణమానిని లేకపోయినా 60 డిగ్రీలు పట్టుకోవచ్చు: కట్టిన రెండు చోట్ల మధ్య దూరం ఎంతో, ఒక్కో మోకు పొడవూ అంతే ఉంచండి. మూడు భుజాలూ సమానమైతే కోణం 60 అయి తీరుతుంది.

వాలు తగ్గితే ఇంకో చిక్కు ఉంది. మోకు దూలాన్ని పైకి ఎత్తడంతోపాటు లోపలికీ లాగుతుంది. ఒక్కో చుట్టు మీద నిలువు భారం 1,000 న్యూటన్లు. అడ్డంగా లాగేది 60 డిగ్రీలకు 577, 30 డిగ్రీలకు 1,732. చుట్టు జారకుండా ఘర్షణ ఒక్కటే ఆపాలంటే ఘర్షణ గుణకం (జారకుండా ఆపే బలానికీ ఒత్తే భారానికీ నిష్పత్తి) మొదటి సందర్భంలో 0.58, రెండో దాంట్లో 1.73 ఉండాలి. నున్నటి తడి రాయి మీద మొదటిదాన్ని కూడా నమ్మకూడదు. అడ్డుగా దిమ్మ పెట్టడమో, రెండు చుట్ల మధ్య కర్ర బిగించడమో చేయాలి.

మోకులు ఒకే వాలులో లేనప్పుడు చాలామంది ఊహ తప్పుతుంది. ఎడమ చుట్టు దూలం మధ్య నుంచి 44 సెం.మీ., కుడి చుట్టు 76 సెం.మీ. దూరంలో ఉందనుకోండి. కొక్కెం సరిగ్గా మధ్య బిందువుకు పైన 76 సెం.మీ. ఎత్తులో ఉంది. ఎడమ వాలు 60, కుడి వాలు 45 డిగ్రీలు. ఏ మోకు మీద భారం ఎక్కువ? బాగా వాలిన కుడిదే అనిపిస్తుంది. లెక్క కట్టండి. అడ్డ అంశాలు సమానం కావాలి గనుక ఎడమ తన్యత × 0.5 = కుడి తన్యత × 0.707. అంటే ఎడమది కుడిదానికి 1.414 రెట్లు. నిలువు సమీకరణంలో పెడితే కుడిది 1,035, ఎడమది 1,464 న్యూటన్లు. నిటారుగా ఉన్నదే ఎక్కువ మోస్తోంది!

సరిచూడటానికి ఎడమ చుట్టును ఇరుసుగా అనుకుని భ్రామకాలు (బలం × దూరం, అంటే తిప్పే ప్రభావం) తీసుకోండి: 2,000 × 44 = కుడి నిలువు అంశం × 120. అది 733 అవుతుంది. 1,035 × 0.707 కూడా దాదాపు అంతే, 732. కుదిరింది. ఒకే బిందువు దగ్గర కలిసే మూడు బలాలకు లామీ సూత్రమూ (ప్రతి బలం మిగతా రెండింటి మధ్య కోణపు సైన్‌కు అనుపాతంలో ఉంటుందనేది) ఇదే జవాబిస్తుంది. ఆ సూత్రం తొందరగా పని ముగిస్తుంది గానీ, బలాలు మూడుకు మించితే పనికిరాదు. అంశాల పద్ధతి ఎన్నింటికైనా నడుస్తుంది.

కొక్కెం దూలం గరిమనాభికి (బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువుకు) నిలువుగా పైన లేకపోతే, లేపగానే దూలం ఒక పక్కకు ఒరిగి, నాభి కొక్కెం కిందికి వచ్చేదాకా తిరుగుతుంది. తూకం గుండు వేలాడదీసి ముందే చూసుకోవాలి. ముడి పడిన చోట మోకు బలం బాగా తగ్గుతుంది. కాబట్టి లెక్కలో వచ్చిన తన్యతకు సరిపోయే మోకు కాదు, దానికి చాలా రెట్లు ఓర్చే మోకు కావాలి.

గడ్డపార

మోకు దూర్చడానికి దూలం ఒక కొస లేపాలి. రెండో కొస నేల మీదే ఉంటుంది గనుక గడ్డపార మోసేది సగం, 1,000 న్యూటన్లు. 1.5 మీటర్ల గడ్డపారకు మొన నుంచి 10 సెం.మీ. దగ్గర ఆనురాయి పెడితే చేతి వైపు 140 సెం.మీ. మిగులుతుంది. 1,000 × 10 ÷ 140 = 71 న్యూటన్లు, అంటే ఏడు కిలోల ఒత్తిడి. ఆనురాయిని 20 సెం.మీ.కి జరిపితే 154. ఆ రాయి మీద పడేది మాత్రం రెండూ కలిపి, 1,071 లేదా 1,154 న్యూటన్లు. అందుకే మెత్తటి ఇటుక ముక్క పెడితే నలిగి గడ్డపార జారుతుంది. గట్టి రాయో మందపాటి చెక్క దిమ్మో పెట్టి, లేచిన కొస కింద వెంటనే ఇంకో దిమ్మ తోసి, ఆ తర్వాతే మోకు దూర్చాలి. చేతులు దూలం కిందికి పోకూడదు.