స్కాటిష్ వెండి నాణేలు: బిడ్ వేసే ముందు

వేలం దగ్గరపడితే ఆ టెన్షన్‌లో ధర తప్ప ఇంకేదీ కనిపించదు. ముందే ఇవి చూసుకోండి.

• కాగితాలు: స్కాట్లాండ్ నేలలో దొరికిన పాత నాణెంపై తొలి హక్కు క్రౌన్‌ది, అంటే బ్రిటిష్ రాజరికానిది. దొరికినవాళ్లు ఎడింబరోలోని ట్రెజర్ ట్రోవ్ యూనిట్‌కు (ఇలా దొరికిన పాత వస్తువులు చూసే కార్యాలయం) చెప్పి తీరాలి. క్రౌన్ వద్దనుకుంటే సర్టిఫికెట్‌తో తిరిగిస్తారు. ఈమధ్యే దొరికిందంటూ అది చూపించకపోతే కొనకండి. డబ్బూ పోతుంది, నాణెమూ పోతుంది.

• పేరు: స్కాట్లాండ్ రాజు మూడో అలెగ్జాండర్ 1280 ప్రాంతంలో వేయించిన పెన్నీ, తర్వాతి రాజు రాబర్ట్ బ్రూస్ పెన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎడమకు తిరిగిన కిరీటం తల, ముందు రాజదండం. వెనక పొడుగు శిలువ, నాలుగు నక్షత్రాలు. బ్రూస్‌ది అరుదు, ధర చాలా ఎక్కువ. అంచున ఉన్న అక్షరాలు భూతద్దంతో చదవండి. పేరు అరిగిపోయి ఉంటే బ్రూస్ రేటు ఇవ్వొద్దు.

• బరువు: ఈ పెన్నీలు సుమారు 1.4 గ్రాములు. బాగా తక్కువుంటే అంచు కత్తిరించారేమో చూడండి.

• మేరీ రాణి రియాల్ (1565–67): ఇది పెద్ద వెండి నాణెం. దానిపై కిరీటం, తిసిల్ పువ్వు ఉన్న చిన్న ముద్ర కనిపిస్తే దెబ్బ అనుకోకండి. 1578లో నాణెం విలువ పెంచుతూ కొట్టింది అది. నాకైతే ముద్ర ఉన్నదే ఇష్టం.

• మెరుపు: తళతళలాడితే ఎవరో తోమేశారని అర్థం. అలా తోమితే పోయిన విలువ తిరిగి రాదు.

• బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము), పన్ను: బిడ్ మొత్తానికి ఇవి అదనం.