ఎండలు ముదరకముందే: నడక ఆగకుండా, షుగర్ పెరగకుండా ఈ జాగ్రత్తలు

శివరాత్రి దాటగానే మా హనుమకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దుటి జనం పలచబడతారు. "అన్నా, ఎండలు మొదలైనయ్, ఇగ జూన్‌ల కలుద్దాం" అని చెప్పి పోయేవాళ్లను ఏటా చూస్తాను. మూడేళ్ల కింద నేనూ అలాగే మూడు నెలలు ఆపేశాను. బరువు కిలోన్నరే పెరిగింది కాబట్టి పెద్ద నష్టం లేదనుకున్నాను. జూన్‌లో రక్త పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 6.7 శాతం నుంచి 7.9 శాతానికి పోయింది. ప్యాంటు నడుము దగ్గర బిగుసుకుంది, తొడల దగ్గర వదులైంది. ఆ వదులే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఎందుకంటే అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌ను ఎక్కువగా తీసుకుని దాచుకోవాల్సింది కండలే. వాటిలోకి గ్లూకోజ్ పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఇన్సులిన్. రెండోది కండ కదలడం. నడుస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే కండ గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. నడక అయిపోయాక కూడా ఒకటి రెండు రోజుల పాటు అదే కండ మీద ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆ లాభం కరిగిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానొద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

డెన్మార్క్‌లో ఆరోగ్యంగా ఉన్న యువకుల చేత రోజుకు దాదాపు 10,000 అడుగుల నడకను 1,500 దాకా తగ్గించి చూశారు. రెండు వారాలకే వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ పనితీరు మందగించింది, కాళ్లలో కండ తగ్గింది, పొట్ట లోపల కొవ్వు పెరిగింది. షుగర్ లేని పిల్లల సంగతే అది. మనవాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. అందుకే మన దేశంలో నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటగానే జాగ్రత్త పడమంటారు. ఎండాకాలం రాకముందు ఒకసారి టేపు పెట్టి కొలుచుకుని రాసిపెట్టుకోండి. జూన్‌లో మళ్లీ కొలవండి. బరువు మిషన్ కంటే ఆ టేపు నిజం చెప్తుంది.

బరువు తగ్గడం లేదని నడక మానేసేవాళ్లకు ఒక మాట. షుగర్ వచ్చే దశలో ఉన్నవాళ్ల మీద మన దేశంలో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. నడక, తిండి మార్పులతో వాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల సగటు బరువు చెప్పుకోదగ్గంత తగ్గకుండానే ఆ మేలు జరిగింది.

వేళ మార్చుకోండి, నడక మానకండి

ఏప్రిల్ నుంచి ఐదున్నరకు మొదలుపెట్టి ఆరున్నర, మహా అయితే ఆరు ముప్పావుకు ఇంట్లో ఉండాలి. సాయంత్రం ఏడు గంటలకు కూడా మన దగ్గర సిమెంటు రోడ్డు సెగ కొడుతూనే ఉంటుంది, కాబట్టి నేను పొద్దుటి పూటనే నమ్ముతాను. రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వడగాడ్పుల హెచ్చరిక వచ్చిన రోజు బయటికి వెళ్లకుండా ఇంట్లోనే చేయండి. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం పదిసార్లు, గోడకు చేతులు పెట్టి ఒంటిని ముందుకు వంచి వెనక్కి నెట్టడం పదిసార్లు, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం ఇరవై సార్లు. కాస్త ఆగి మళ్లీ, మొత్తం మూడు విడతలు. చేతుల పనికి లీటరు నీళ్ల సీసాలు రెండు చాలు. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ పెరుగుతుంది. షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా బరువులు ఎత్తొద్దు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండేవాళ్లు ఏదైనా మొదలుపెట్టే ముందే గుండె చూపించుకోవాలి.

ఇంకొకటి, తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి. భోజనం తర్వాత ఎగిసే షుగర్‌ను అణచడానికి ఇంత తేలికైన పని నాకు తెలిసి ఇంకోటి లేదు.

చెమట పడితే కొవ్వు కరుగుతుందని మందం జాకెట్లు వేసుకుని, పొట్టకు ప్లాస్టిక్ బెల్టు చుట్టుకుని ఎండలో పరుగెత్తే పిల్లలను చూస్తే గుండె జారిపోతుంది. చెమటతో పోయేది నీళ్లూ ఉప్పూ. ఒంటి వేడి బయటికి పోయే దారి మూసేస్తే వడదెబ్బ తగులుతుంది. పెండ్లి ముహూర్తం దగ్గర పడిందని ఒక పూట తిండికి దిగేవాళ్లూ ఉన్నారు. తిండి బాగా తగ్గించి వ్యాయామం చేయకపోతే, తగ్గిన బరువులో దాదాపు పావు వంతు కండే కావచ్చు. మళ్లీ తినడం మొదలుపెట్టాక పెరిగేది మాత్రం ఎక్కువగా కొవ్వు. పోయిన కండ సులువుగా తిరిగి రాదు. అన్నం తగ్గిస్తే పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు పెంచండి.

షుగర్ తగ్గిందా, వడదెబ్బా?

ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. చెమటలు, దడ, తల తిరగడం, నీరసం ఎండ వల్లా వస్తాయి, షుగర్ పడిపోయినా వస్తాయి. ఎండాకాలంలో ఇంట్లోవాళ్లు "ఎండ తగిలింది, పడుకో బాపూ" అని ఫ్యాన్ కింద పడుకోబెడతారు. అది షుగర్ తగ్గడమైతే ఆ నిద్ర ప్రాణం మీదికి తెస్తుంది. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లామైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు చాలా తక్కువ. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూడండి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. మిషన్ లేకపోతే అనుమానమున్నా చక్కెర ఇవ్వండి. కాసేపు షుగర్ పెరిగితే వచ్చే నష్టం కంటే పడిపోయి ఉండిపోతే వచ్చే నష్టం చాలా పెద్దది. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బే అనుకుని, నీడకు చేర్చి, తడిబట్టలతో ఒళ్లు తుడుస్తూ అంబులెన్స్‌ను పిలవండి.

పొద్దున్నే నడకకు పోయేటప్పుడు జేబులో నాలుగు చక్కెర బిళ్లలుండాలి. నడక, తిండి కొత్తగా మారుస్తున్నారంటే మాత్రల మోతాదు కూడా మారాల్సి రావచ్చు, కాబట్టి మార్చిలోనే డాక్టర్‌ను కలవండి. మూత్రంలో చక్కెరను పంపించే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు, నీరు పోయే బీపీ మాత్రలు వాడేవాళ్లు ఒళ్లు ఎండిపోతే ఏం చేయాలో అప్పుడే అడిగి రాయించుకోండి.

మామిడిపండు, దావత్, కల్లు

మామిడి మానేయమని నేను చెప్పను. వంద గ్రాముల గుజ్జులో సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక మంచి బంగినపల్లి కాయలో గుజ్జు పావు కిలో దాకా వస్తుంది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కడుపు నిండా తిన్నాక చివర్లో పెరుగన్నంలో పండు కలుపుకోవడంలో. ఆ అన్నం తగ్గించి, సగం పండు, అదీ నడిచి వచ్చాక తినండి. రసం తీయొద్దు. చెరుకు రసం పెద్ద గ్లాసులో 30 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది, దాని బదులు పల్చటి మజ్జిగ, చక్కెర కలపని జొన్న అంబలి, లేత తాటి ముంజలు మేలు. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో డాక్టర్ మాటే వినాలి.

పెండ్లి దావత్‌లో ముందు కూర, పెరుగుపచ్చడి తిని, బగారన్నం ఒక్కసారికే సరిపెట్టుకోండి. పరగడుపున ఈత కల్లు తాగి, పైన షుగర్ మాత్ర వేసుకోవడం మన పల్లెల్లో మామూలైపోయింది. మద్యం కాలేయాన్ని గ్లూకోజ్ విడుదల చేయనివ్వదు, గంటల తర్వాత, ఒక్కోసారి నిద్రలోనే షుగర్ పడిపోతుంది.

ఇన్సులిన్ సీసాను బండి డిక్కీలో, కిటికీ పక్కన పెట్టొద్దు. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి మట్టికుండలో పొడి డబ్బా పెట్టి దాచడం పాతకాలపు పద్ధతే అయినా పనిచేస్తుంది.

పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు మధ్యాహ్నం వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి రాతి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడొద్దు. కాలిన సంగతి తెలియదు, తెలిసేసరికి బొబ్బ లేస్తుంది, మానే దాకా నడక ఆగిపోతుంది. దర్శనానికి పొద్దున్నే వెళ్లండి. ఇంటికొచ్చాక అరికాళ్లను అద్దంలో చూసుకోండి. బొబ్బ కనిపిస్తే పగలగొట్టకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.