తుఫాను నెలకు ముందు ఐపీల పుస్తకం సర్దుకోండి

అక్టోబరు దగ్గరపడితే ఉద్దానంలో కొబ్బరి రైతు ఆకాశం చూస్తాడు. మా వైర్‌లెస్ నెట్ వాళ్లం టవర్ చూస్తాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పడిపోయిన డిష్‌లు మళ్లీ బిగించడం పెద్ద పని కాలేదు నాకు. ఏ రేడియోకి (నెట్ సిగ్నల్ పంపి, అందుకునే పెట్టె) ఏ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు) ఇచ్చానో తేల్చుకునేసరికి తాతలు దిగొచ్చారు.

మా కుర్రాడు కొత్త రేడియోని పెట్టెలోంచి తీసి, కంపెనీ ఇచ్చిన 192.168.1.20 తోనే పైకెక్కించేశాడు. అదే నంబరుతో పక్క ఊళ్లో ఇంకొకటి ఉంది. రేడియో సెట్టింగుల పేజీ తెరిస్తే ఓసారి ఈ ఊరిది, ఓసారి ఆ ఊరిది. పాస్‌వర్డ్ తప్పేమో అనుకుని పూటంతా పోగొట్టుకున్నాం. అందుకే ఇప్పుడు కింద బల్ల మీద ఐపీ, పేరు, పాస్‌వర్డ్ మార్చకుండా ఏదీ నిచ్చెన ఎక్కదు.

టవర్‌కో వరస పెట్టుకోండి. మొదటిది 10.20.1, రెండోది 10.20.2. చివరి అంకెల్లో 1 గేట్‌వేకి (నెట్ బయటికి వెళ్లే దారి), 2 నుంచి 9 టవర్ల మధ్య లింకులకి, 10 నుంచి సెక్టార్లకి (టవర్ మీంచి ఇళ్లకి సిగ్నల్ పంచేవి), 50 నుంచి ఇళ్ల మీది రేడియోలకి. 192.168.0, 192.168.1 వరసల జోలికి పోవద్దు, జనాల ఇళ్లలో రౌటర్లు ఎక్కువగా వాటి మీదే ఉంటాయి. ఐపీ పక్కనే మ్యాక్ నంబరు (రేడియోకి కంపెనీ వేసిన గుర్తింపు నంబరు), పవర్ అడాప్టర్ ఎన్ని వోల్టులో కూడా రాయండి. చీకట్లో 24 వోల్టుల రేడియోకి 48ది గుచ్చితే ఇక అంతే.

లింకులో ఐపీ గానీ ఛానెల్ (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ) గానీ మార్చాలంటే ముందు అవతలి చివర మార్చండి, తర్వాతే మన వైపు. మన వైపు ముందు మారిస్తే అవతలిది చేతికి అందదు, రోడ్డుకడ్డంగా చెట్లు పడి ఉన్న రోజున అక్కడికి వెళ్లేదెవరు? సెట్టింగు ఖాయం చేయకపోతే దానంతటదే పాతదానికి వెళ్లే టెస్ట్ బటన్ కొన్ని రేడియోల్లో ఉంటుంది, ఉంటే వాడండి. బ్యాకప్ ఫైల్ ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి.

ఎర్తింగ్, నీరు కిందికి కారిపోయేలా కేబుల్ వంపు, తుప్పు పట్టిన క్లాంపులు ముందే చూసుకోండి. కళింగపట్నంలో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక టవర్ ఎక్కొద్దు, ఫర్మ్‌వేర్ (రేడియో లోపలి సాఫ్ట్‌వేర్) ముట్టుకోవద్దు.

ఐపీల జాబితా కాగితం మీదే ఉండాలి, కరెంటు పోయాక ఫోన్ ఎంతసేపని? మా దగ్గర ఒక కాపీ టవర్ డబ్బాలో ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. ఇంకోటి మా ఇంట్లో దేవుడి గూట్లో, పంచాంగం కింద.