కరీబా సరస్సులో ఇంటిల్లిపాదీ హౌస్‌బోటెక్కి గాలం వేయాలంటే

ముందు సెలవుల లెక్క తేల్చుకోవాలి. జాంబియా, జింబాబ్వే సరిహద్దులో జాంబెజీ నది మీద 1959లో పూర్తయిన ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లే కరీబా. పొడవు దాదాపు 280 కిలోమీటర్లు, అంటే నెల్లూరు నుంచి విజయవాడ దాకా నీళ్లే అనుకోండి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి మన బడుల ఎండాకాలం సెలవులకు అక్కడ చలికాలం మొదలవుతుంది. మే నెలలో పగలు హాయిగా ఉంటుంది, దోమలు తక్కువ, జిలేబి చేప జాతి బాగానే పడుతుంది. అందరూ కలవరించే టైగర్ ఫిష్ మాత్రం చలికి మందగిస్తుంది. దసరా సెలవులకు వెళ్తే టైగర్ మంచి ఊపు మీద ఉంటుంది, కానీ ఎండ 40 డిగ్రీలు దాటొచ్చు. రోహిణి కార్తె చూసిన ఒంగోలు, నెల్లూరు వాళ్లకు అదేం కొత్త కాకపోయినా పసిపిల్లలకూ పెద్దవాళ్లకూ రేకుల పడవ మీద కష్టమే. పైగా అక్టోబరులో టైగర్ ఫిష్ పోటీ జరుగుతుంది, ఆ వారం పడవలు దొరకవు. సంక్రాంతి సెలవులు వద్దే వద్దు, అప్పుడు అక్కడ వానలు. పిల్లలతో వెళ్లేవాళ్లకు మే నెలే మేలు. టైగర్ ఒక్కరి మోజు, జిలేబి జాతి ఇంటిల్లిపాదీ పట్టే చేప. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే సగం గొడవలు ఉండవు.

పడవ మాట్లాడుకునేటప్పుడు ఫొటోలు చూసి మురిసిపోవద్దు, ప్రశ్నలు అడగండి. అద్దెలో డీజిల్ కలిసి ఉందా, లేక నడిచిన గంటలకు విడిగా కట్టాలా? జనరేటర్ రోజుకు ఎన్ని గంటలు వేస్తారు? గాలం వేయడానికి వెంట వచ్చే చిన్న బోట్లు ఎన్ని, వాటి పెట్రోలు ఎవరిది? చాలా పడవల్లో సరంగు, వంటమనిషి, ఒక సహాయకుడు ఉంటారు, సరుకులు మాత్రం మనమే తెచ్చుకోవాలి. సిబ్బంది భోజనం సరుకులు కూడా మన లెక్కలోకే వస్తాయేమో కనుక్కోండి. వాళ్లు తినేది మొక్కజొన్న పిండితో చేసే సడ్జా, మన అన్నం పెట్టి సరిపెట్టొద్దు. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని వాళ్ల బరువులు చెప్పి మరీ అడగండి. పెద్దల సైజుది పిల్లాడికి తొడిగితే నీళ్లలో పడ్డప్పుడు తల మీదుగా జారిపోతుంది. అమ్మమ్మ, తాతయ్య వస్తుంటే మరుగుదొడ్డి కింది అంతస్తులోనే ఉందో లేదో చూడండి. ఇనుప నిచ్చెన లాంటి మెట్లు రాత్రిపూట వాళ్ల వల్ల కాదు. ఈ ఏడాది నీటిమట్టం ఎలా ఉందని కూడా అడగాలి. కరీబా మట్టం 475.5, 488.5 మీటర్ల మధ్య ఆడుతుంటుంది. బాగా తగ్గిన ఏడు మునిగిన చెట్ల మోళ్లు నీటి అంచుకు వచ్చి ప్రొపెల్లర్లను విరగ్గొడతాయి. మోటారుకు విడి ప్రొపెల్లర్, షియర్ పిన్ (దెబ్బ తగిలితే తాను విరిగి మోటారును కాపాడే చిన్న పిన్ను) ఉన్నాయా అన్న ప్రశ్నకు తడుముకునేవాళ్లను వదిలేయండి.

వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్లు కొనకముందే రాయబార కార్యాలయం సైటులో చూసుకోండి. విమానం ఇథియోపియా లేదా కెన్యా మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవడం మంచిది. మనకు దగ్గర్లో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. పసుపుపచ్చ కార్డు టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది, కాబట్టి బయల్దేరే ముందు రోజు పరిగెత్తితే లాభం లేదు. తొమ్మిది నెలలు నిండని పిల్లలకు మామూలుగా వేయరు. అరవై దాటినవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే వేయించుకోవాలి. మలేరియా మాత్రల సంగతీ అప్పుడే తేల్చుకోండి. అక్కడి మలేరియాకు క్లోరోక్విన్ పనిచేయదు. అటోవాకోన్-ప్రోగ్వానిల్ అయితే వెళ్లేముందు ఒకటి రెండు రోజుల నుంచి తిరిగొచ్చాక వారం దాకా, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాల దాకా మింగాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు. మోతాదు డాక్టరే రాయాలి.

జింబాబ్వే రాజధాని హరారేలో దిగితే కరీబా ఊరికి రోడ్డు మీద సుమారు 365 కిలోమీటర్లు. చిన్‌హోయి, కరోయి, మకూటి దాటాలి. మకూటి నుంచి కిందికి దిగే మలుపుల దారిలో ఏనుగులు అడ్డం వస్తాయి, చీకటి పడకముందే చేరేలా పొద్దున్నే బయల్దేరండి. జాంబియా వైపు నుంచి అయితే రాజధాని లుసాకా నుంచి సరస్సు ఒడ్డునున్న సియావోంగా ఊరు చేరాలి. బియ్యం, నూనె, ఉల్లిపాయలు హరారేలోనే కొనుక్కోవచ్చు. ఇంటి నుంచి మోయాల్సినవి చింతపండు, కారం, మెంతిపొడి, పొడులు, ఒకటి రెండు సీసాల ఊరగాయ. పచ్చి కూరగాయలు, పండ్లు వద్దు, సరిహద్దులో తీసి పారేస్తారు. డబ్బు అమెరికా డాలర్లలో, చిరుగులు లేని చిన్న నోట్లుగా ఉంచుకోండి. ప్లగ్గులకు చదరపు మూడు కాళ్ల అడాప్టర్ ఒకటి. గాలాలు, కత్తులు, శ్రావణాలు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. నాలుగు ముక్కలుగా విడిపోయే రాడ్లు సూట్‌కేసులో పట్టేస్తాయి.

నాలుగు రాత్రులకు మాట్లాడుకున్న పడవను సరస్సంతా తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి. డీజిల్ ఖర్చు, పిల్లలకు విసుగు, దొరికే చేపలు సున్నా. కరీబా నుంచి మటుసడోనా జాతీయ పార్కు ఒడ్డుకు వెళ్లి ఒక వంకలో రెండు రాత్రులు, సన్యాతి దగ్గరో ఊమే నది దగ్గరో మరో రెండు రాత్రులు కట్టేసుకుంటే చాలు. పార్కు రుసుము, గాలం పర్మిట్ ఎవరు కట్టారో సరంగును అడిగి రసీదులు దగ్గర పెట్టుకోండి. పొద్దు గుంకేలోపు పడవ ఒడ్డుకు కట్టేస్తారు, రాత్రి నడపరు. గాలి నేరుగా తగలని వంక ఎంచుకోవాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో తూర్పు-ఆగ్నేయ గాలి గట్టిగా కొట్టి మధ్య సరస్సులో అలలు లేస్తాయి. అక్టోబరు చివర్లో మధ్యాహ్నం మబ్బు కమ్మితే చిన్న బోటు వెంటనే వెనక్కి రావాలి, 'ఇంకొక్క చేప' అంటూ బేరాలు పెట్టొద్దు.

ఇక గాలం. జిలేబి జాతిని అక్కడ బ్రీమ్ అంటారు. నీళ్లలో మునిగిన అడవి ఎండు చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి, బ్రీమ్ ఉండేది వాటి మొదళ్ల దగ్గరే. చిన్న బోటును చెట్టుకు తాడుతో కట్టి, మూడు నుంచి ఐదు మీటర్ల లోతులో వేయండి. 8 పౌండ్ల దారం, 4వ నంబరు గాలం, దానికి ఒక జానెడు పైన చిన్న సీసం గుండు, అంతే సరంజామా. సీసం బరువెక్కువైతే కొమ్మల్లో ఇరుక్కుని దారం తెగుతుంది. ఎర వానపాములు. హరారే-కరీబా రోడ్డు పక్కన డబ్బాల్లో అమ్ముతారు, వాటిని తడి మట్టిలో నీడన ఉంచాలి. ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నానికే కుళ్లిపోతాయి. వానపామును గాలానికి పూర్తిగా గుచ్చి కొసను మాత్రం వేలాడనివ్వాలి. తోక పొడవుగా వదిలితే బ్రీమ్ దాన్ని కొరికి గాలాన్ని వదిలేస్తుంది. మొదట దారం టకటకా కదులుతుంది, అప్పుడు లాగకూడదు. దారం ఒకవైపు నింపాదిగా సాగినప్పుడు రాడ్డును పైకి ఎత్తాలి, ఝాడించనక్కర్లేదు. అరగంటలో ఒక్కటీ పడకపోతే ఆ చెట్టు వదిలి ఇంకో చెట్టుకు మారండి. పిల్లలకు సోమశిల జలాశయం ఒడ్డున నాలుగు ఆదివారాలు నేర్పిస్తే అక్కడ చేతులు తడబడవు. అన్ని గాలాల ముల్లు ఎదురు మొనలను శ్రావణంతో నొక్కేయండి. చేపను వదలడం తేలిక, పిల్లాడి వేలికి గుచ్చుకున్నా బయటికి తీయడం తేలిక.

టైగర్ పళ్ల ముందు మామూలు దారం తట్టుకోలేదు. గాలానికి ముందు 15 నుంచి 20 సెంటీమీటర్ల స్టీలు తీగ తప్పనిసరి. 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం, 3/0 నంబరు గాలం, ఏడడుగుల రాడ్డు సరిపోతాయి. మోటారు ఆపి, గాలికి బోటును కొట్టుకుపోనిచ్చి, దారాన్ని పాతిక ముప్పై మీటర్లు వదలండి. ఎర కపెంటా. నెత్తళ్లంత ఉండే ఈ చేపను 1967-68లో టాంగన్యీకా సరస్సు నుంచి తెచ్చి ఇక్కడ వదిలారు. ఒక్కో గాలానికి ఐదారు గుచ్చాలి. కపెంటా పడవలు రాత్రి దీపాలు పెట్టి వలలు దించుతాయి, తెల్లవారుజామున హార్బర్ దగ్గర తాజావి దొరుకుతాయి. పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో వెన్నెలకు దీపాలు పనిచేయక ఆ పడవలు ఆగిపోతాయి. కాబట్టి పంచాంగం చూసుకుని, పౌర్ణమి పడితే ముందే కొని ఫ్రిజ్‌లో పెట్టించండి. టైగర్ కొట్టిన క్షణమే గట్టిగా లాగాలి, నోరంతా ఎముక కాబట్టి గాలం దిగడం కష్టం. ఎగిరినప్పుడు రాడ్డు కొసను నీటి వైపు దించి దారం వదులు కాకుండా చూడాలి. పది కొడితే మూడు నాలుగు బోటు దాకా వస్తే గొప్పే. 2001లో ఇక్కడ 16.1 కిలోల టైగర్ పడింది. ముళ్లు ఎక్కువ కాబట్టి ఫొటో తీసుకుని వదిలేయడమే మంచిది. వేళ్లు నోట్లో పెట్టకండి, పొడవు ముక్కు శ్రావణంతో గాలం తీసి, తలను నీటిలో ఉంచి అది తనంతట తాను కదిలేదాకా పట్టుకోవాలి.

రాత్రిళ్లు వెనక డెక్ నుంచి వుండు కోసం ఒక బరువైన దారం వేసి ఉంచొచ్చు. ఇది మన మార్పు చేప కుటుంబమే, యాభై కిలోలు దాటి పెరుగుతుంది. ఎర ఏంటంటే బట్టల సబ్బు. నమ్మకం కలగకపోయినా అక్కడి వాళ్లంతా నీలం సబ్బు ముక్కే వేస్తారు. రాడ్డును రెయిలింగుకు తాడుతో కట్టేయండి, లేకపోతే రాడ్డుతో సహా లాక్కుపోతుంది.

నీళ్లలో మొసళ్లు, నీటిగుర్రాలు ఉంటాయి. ఈత లేదు, డెక్ అంచున కాళ్లు వేలాడేయడం లేదు, వంగి చేతులు కడుక్కోవడం లేదు. చేపలు శుభ్రం చేసిన పేగులు పడవ పక్కనే పారేస్తే మొసలి ఆ చోటుకు మరుగుతుంది, కాబట్టి ఆ పని దూరాన చేయించండి. పార్కు ఒడ్డున గైడ్ లేకుండా దిగకూడదు. లోతు తక్కువ ఉన్న గడ్డి నీళ్లలో నత్తల వల్ల బిల్హార్జియా అనే పరాన్నజీవి జబ్బు సోకుతుంది, మన చెరువుల అలవాటుకొద్దీ మోకాళ్ల దాకా దిగొద్దు.

పట్టిన బ్రీమ్‌తో నెల్లూరు పులుసు చేయడానికి వంటమనిషిని బతిమాలక్కర్లేదు, గ్యాస్ స్టవ్ ఉంటుంది. కిలో ముక్కలకు 70 గ్రాముల చింతపండు, మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, పావు చెంచా మెంతిపొడి, రెండు టమాటాలు, నువ్వుల నూనె. పుల్ల మామిడి దొరకదు, దాని బదులు ఇంకాస్త చింతపండు వేయండి. వెడల్పాటి గిన్నెలో పులుసు చిక్కబడ్డాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె తిప్పుతూ పది నిమిషాలు ఉడికిస్తే చాలు. బ్రీమ్ మెత్తటి చేప, ఎక్కువ ఉడికితే విడిపోతుంది. రాత్రి వండి ఉదయం తింటేనే రుచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఇంటికొచ్చాక మూడు నెలల లోపు ఎవరికి జ్వరం వచ్చినా రెండో రోజు దాకా ఆగకుండా రక్తపరీక్ష చేయించండి. డాక్టరుకు మొదటే 'జాంబెజీ ప్రాంతం నుంచి వచ్చాం' అని చెప్పాలి. మామూలు విషజ్వరం అనుకుని మందులు రాస్తే ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ఒకటి రెండు రోజుల్లోనే ముదిరిపోతుంది.