ట్యూబ్ యాంప్‌లో చిక్కని రాక్ గిటార్ టోన్ ఎలా కుదుర్చుకోవాలి?

హనుమకొండలో మా మేడ మీది గదిలో ట్యూబ్ యాంప్ (వాల్వులతో పనిచేసే గిటార్ యాంప్లిఫయర్) పెట్టుకుని, గెయిన్ నాబును (మొదటి దశలో సంకేతాన్ని ఎంత బలపరచాలో చెప్పేది) మొదటిసారి చివరిదాకా తిప్పిన సాయంత్రం, పక్కింటి పెద్దమ్మ పిట్టగోడ దగ్గరికి వచ్చి "ఏం బిడ్డా, మీద గిర్ని పెట్టినవా?" అని అడిగింది. గిర్ని అంటే పిండి మర. ఆ మాట నాకు చురుక్కుమన్నది గానీ ఆమె తప్పేమీ చెప్పలేదు. ఏ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టినా, ఏ తీగ మీటినా గదిలో ఒకటే గరగర వినిపించింది తప్ప, అందులో స్వరం ఎక్కడుందో నాకే తెలియలేదు. చిక్కదనం వేరు, గిర్ని మోత వేరు. మొదటిదానిలో తీగ మీటిన తరువాత స్వరం చాలాసేపు నిలిచి పాడుతుంది, కార్డులోని స్వరాలు విడివిడిగా తెలుస్తాయి, వేళ్ల ఒత్తిడిలోని తేడా వినిపిస్తుంది. రెండోదానిలో ఇవేవీ ఉండవు. మొదటిదాన్ని ఎలా రాబట్టాలో, రెండోదాని దగ్గర ఎక్కడ ఆగాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

కరెంటు, స్పీకరు: ముందు ఇవి

నాబుల జోలికి వెళ్లేముందు యాంప్ వెనుక పలకను చదవండి. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా కోసం తయారైన యాంప్ అయితే 120 వోల్టులే కోరుతుంది కనుక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. దాని సామర్థ్యం, యాంప్ వెనుక ముద్రించిన వినియోగపు వాట్ల కన్నా బాగా ఎక్కువగా ఉండాలి. స్పీకరుకు 50 వాట్లు పంపే ట్యూబ్ యాంప్ గోడ నుంచి 50 వాట్లే తీసుకోదు, అంతకు రెండు మూడు రెట్లు తీసుకోవచ్చు. నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న యాంప్‌తో పాటు వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ ఒక రేడియోకు సరిపోయేదే. అరగంటలో అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, గదినిండా కాలిన వార్నిష్ వాసన వచ్చిన తరువాత గాని నేను దాని మీది అంకెలు చదవలేదు.

స్పీకరు తగిలించకుండా ట్యూబ్ యాంప్‌ను ఎప్పుడూ మోగించకూడదు. భారం లేనప్పుడు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా ఎగిసి, అదే కాలిపోవచ్చు. క్యాబినెట్ 8 ఓములదైతే వైరును 8 ఓముల రంధ్రంలోనే పెట్టాలి. 16 ఓముల క్యాబినెట్లు రెండింటిని సమాంతరంగా కలిపితే మొత్తం 8 ఓములవుతుంది. ఈ వైరు స్పీకరు కోసం చేసిన మందపాటి వైరే కావాలి గాని గిటార్ వైరు పనికిరాదు.

ఎర్తింగ్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత) తగ్గుతుందని ఎవరైనా మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసేయమని సలహా ఇస్తే వినకండి. గిటార్ తీగలు యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి, మీ చేతులు ఆ తీగల మీదే ఉంటాయి. యాంప్ లోపల 400 వోల్టుల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉండవచ్చు కనుక వెనుక పలక విప్పే పని మెకానిక్కుదే. ఇంటి ఇన్వర్టర్ మీద వాయించడం కూడా మంచిది కాదు. స్క్వేర్ వేవ్ ఇచ్చే చవక ఇన్వర్టర్లతో యాంప్‌లో బుర్రుమనే మోత వస్తుంది.

గది, గిటార్

మన ఇళ్లలో స్లాబు పైకప్పు, టైల్స్ నేల, సున్నం గోడలు ఉంటాయి. మోత ఎటు తగిలినా తిరిగివస్తుంది. యాంప్‌ను నేల మీద, మూలకు పెడితే బేస్ ఉబ్బిపోయి లోపం యాంప్‌దేమో అనిపిస్తుంది. దాన్ని ఒక స్టూలు మీదికెత్తి, గోడకు రెండు మూడడుగులు జరిపి, ఎదురు గోడకు ఒక బొంత వేలాడదీయండి. స్పీకరు మోకాళ్లకు కాకుండా చెవికి ఎదురుగా ఉండాలి. నిలబడి వాయించేవాళ్లు మోకాళ్ల దగ్గర మోగుతున్న స్పీకరులో ట్రెబుల్ చాలదనుకుని పెంచుతారు, ఎదుట కూర్చున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి.

గిటార్‌కు కొత్త తీగలు వేసి, శ్రుతి సరిచూసుకుని, బ్రిడ్జ్ వైపు పికప్‌ను (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది) ఎంచుకుని, గిటార్ మీది వాల్యూమ్, టోన్ నాబులను 10లో ఉంచండి. హంబకర్ పికప్ అయితే పని సులభం. అందులో రెండు కాయిల్స్ ఎదురెదురుగా పనిచేసి బయటి హమ్‌ను రద్దు చేస్తాయి, సంకేతం కూడా బలంగా వస్తుంది. సింగిల్ కాయిల్‌తోనూ మంచి టోన్ వస్తుంది గాని గెయిన్ పెరిగేకొద్దీ ట్యూబ్‌లైటు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు కలిసి పాడతాయి. ఫ్యాను ఆపి చూడండి, సగం మోత అక్కడే పోవచ్చు. మే నెల వరంగల్‌లో ఇది కష్టమైన సలహా అని నాకు తెలుసు.

మొదటి అమరిక

వాల్వు రేడియో చూసిన ఇళ్లలో పెద్దవాళ్లకు, స్విచ్ వేసిన వెంటనే మాట రాదని తెలుసు. గిటార్ యాంప్ కూడా అదే జాతి. పవర్ స్విచ్ వేసి, స్టాండ్‌బై అనే రెండో స్విచ్ ఉంటే ఒక నిమిషం ఆగి అది వేయండి. నాబులను ఇలా పెట్టండి: మాస్టర్ వాల్యూమ్ (చివరి మోతను నియంత్రించేది) సున్నా, గెయిన్ 3, బేస్ 4, మిడిల్ 6, ట్రెబుల్ 5, ప్రెజెన్స్ (పై స్వరాల పదును) 4.

ఇప్పుడు గెయిన్‌ను ముట్టకుండా మాస్టర్‌ను, ఇల్లు సహించగలిగినంత వరకు పెంచండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: గెయిన్ 8లో పెట్టి మాస్టర్ 1 దగ్గర ఆపుతారు. అలా వచ్చేది పల్చటి జుమ్మనే మోత, ఎందుకంటే అప్పుడు మొదటి దశలోని చిన్న ట్యూబులు మాత్రమే నలుగుతున్నాయి (హద్దు దాటి సంకేతం ఆకారాన్ని మారుస్తున్నాయి), స్పీకరును నడిపే పెద్ద ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకరు నిద్రపోతున్నాయి.

ఇక గెయిన్‌ను అర అంకె చొప్పున పెంచుతూ, ప్రతిసారీ రెండు పరీక్షలు చేయండి. మొదటిది, లావు ఇ తీగ మీద పవర్ కార్డు: మూల స్వరం, దాని పంచమం. రెండోది, దానికే అంతర గాంధారం కలిపిన పూర్తి మేజర్ కార్డు. మొదటిది గంభీరంగా మోగుతూ, రెండోది కూడా కొంచెం గరగరతోనైనా కార్డుగా వినిపిస్తున్నంత వరకు ముందుకు వెళ్లవచ్చు. మేజర్ కార్డు ఎక్కడ ముద్దయిపోతుందో గుర్తించి, అక్కడి నుంచి అర అంకె వెనక్కి రండి. నా యాంప్‌లో ఆ చోటు 5 దాటి కొంచెం. మీది వేరే చోట ఉంటుంది.

ఈ పరీక్ష వెనుక ఒక గణితం ఉంది. ట్యూబ్ హద్దు దాటి నలిగినప్పుడు, వాయించిన స్వరాలకు తోడు వాటి మొత్తాలు, భేదాలు కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. లావు ఇ తీగ 82.4 హెర్ట్జ్, దాని పంచమం 123.5 హెర్ట్జ్. భేదం సుమారు 41, అంటే మూల స్వరానికి సరిగ్గా కింది స్థాయి షడ్జమే. స, ప తంబురాలో కలిసినట్టే ఇవీ కలుస్తాయి, పైగా కింద ఇంకో షడ్జం ఊరికే వస్తుంది. గిటార్ మెట్ల మీది అంతర గాంధారం అలా కాదు. అది శుద్ధమైన 5:4 నిష్పత్తి కన్నా దాదాపు 14 సెంట్లు (గిటార్ మీద ఒక మెట్టు దూరంలో నూరో వంతు ఒక సెంటు) హెచ్చుగా ఉంటుంది కనుక, దాని నుంచి పుట్టే భేద స్వరం మూలంతో పడక కొట్టుకుంటుంది. గెయిన్ ఎంత పెంచితే ఆ కొట్టుకోవడం అంత పైకి తేలుతుంది. గాఢమైన డిస్టార్షన్‌తో వాయించే రాక్ గిటారిస్టులు గాంధారాన్ని వదిలి పవర్ కార్డులను ఆశ్రయించడం బద్ధకం వల్ల కాదు.

బేస్ తగ్గించండి, మిడిల్‌ను వదులుకోకండి

టోన్ నాబులు సాధారణంగా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ట్రెబుల్‌ను 10కి తిప్పితే మిడిల్ నాబు పెద్దగా పని చేయనట్టు తోస్తుంది. అందువల్ల ఒకదాన్ని మార్చిన తరువాత మిగిలిన రెండింటినీ మళ్లీ వినాలి. ఇంకో కిటుకు, ఈ నాబులు సంకేతాన్ని ఏ దశలో పట్టుకుంటాయన్నది. ఫెండర్ రకం యాంప్‌లలో టోన్ నాబులు ముందువైపు ఉంటాయి, నలగడం ప్రధానంగా వాటి తరువాత జరుగుతుంది. అక్కడ బేస్ ఎక్కువ పెడితే ఆ బేస్ అంతా నలిగి, తడి బట్ట నేల మీద కొట్టినట్టు బొదబొదమంటుంది. బేస్‌ను 2, 3 దగ్గర ఉంచాలి. మార్షల్ రకంలో గెయిన్ దశల తరువాత టోన్ నాబులు వస్తాయి కనుక బేస్ కొంత ఎక్కువైనా తట్టుకుంటుంది.

మిడిల్‌ను సున్నాకు తిప్పితే గదిలో ఒంటరిగా వాయించేటప్పుడు ఎంతో ఘనంగా వినిపిస్తుంది. డ్రమ్స్, బేస్ గిటార్ కలిసిన మరుక్షణం మీ గిటార్ మాయమవుతుంది. కింది భాగాన్ని బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఆక్రమిస్తాయి, పై భాగాన్ని తాళాలు ఆక్రమిస్తాయి, గిటార్‌కు మిగిలేది నడుమే. కాలేజీ ఫెస్టు స్టేజీ మీద ఈ పాఠం నేర్చుకోనివాళ్లు అరుదు. ఇంట్లో కుదిర్చిన టోన్ స్టేజీ మీద మారినట్టు అనిపించడానికి మన చెవి కూడా ఒక కారణం: మోత తక్కువగా ఉన్నప్పుడు చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా ఆనుతాయి, మోత పెరిగితే అవే ముందుకొస్తాయి. స్టేజీ ఎక్కగానే బేస్‌ను, ప్రెజెన్స్‌ను ఒక్కో అంకె తగ్గించి మొదలుపెట్టడం నా అలవాటు.

పెద్ద ట్యూబులను పనిలో దింపడం

ఇదే అసలు విషయం. 1960ల నాటి 100 వాట్ల మార్షల్ సూపర్ లీడ్ వంటి యాంప్‌లకు మాస్టర్ వాల్యూమ్ లేదు. చిక్కదనం కావాలంటే వాల్యూమ్ పెంచి యాంప్ మొత్తాన్ని నలపవలసిందే. మార్షల్ యాంప్‌లలోకి 1975లో 2203 మోడల్‌తో మాస్టర్ వాల్యూమ్ వచ్చింది, 1981 నుంచి అదే జేసీఎం 800 పేరుతో ప్రసిద్ధమైంది. మాస్టర్ వాల్యూమ్ ఉంటే చిన్న ట్యూబులను వేరుగా నలపవచ్చు. కానీ పెద్ద ట్యూబులు నలిగినప్పుడు వచ్చే స్పందన వేరు: గట్టిగా మీటగానే ఒక్క క్షణం యాంప్ ఊపిరి బిగబట్టి, ఆ వెంటనే స్వరం ఉబ్బినట్టు పైకి లేస్తుంది. ఈ లక్షణం వేళ్లకు తెలుస్తుంది, రికార్డింగులో అంతగా తెలియదు.

ఇంట్లో దీనికి దారి చిన్న యాంప్ కొనడమే అనుకుంటారు, అది సగమే నిజం. 100 వాట్ల బదులు 50 వాట్లు తీసుకుంటే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి మోత సగమైనట్టు తోచాలంటే వాట్లు సుమారు పదో వంతు కావాలి. అంటే 5 వాట్ల యాంప్ 50 వాట్ల దానిలో సగం మోత చేస్తుంది, మూసిన గదిలో అది కూడా చాలా ఎక్కువే. యాంప్‌కు, స్పీకరుకు మధ్య పెట్టి, శక్తిని కొంత మింగి మోత తగ్గించే అటెన్యుయేటరు ఇంకో మార్గం. అది ఓముల్లో, వాట్లలో మీ యాంప్‌కు సరిపోవాలి.

ఏ దారీ లేనప్పుడు, గిటార్‌కు, యాంప్‌కు మధ్య పెట్టి కాలితో నొక్కే పెడల్ సాయపడుతుంది. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ 1979లో వచ్చింది. దాని డ్రైవ్ దాదాపు సున్నాలో, లెవెల్ పూర్తిగా, టోన్ సగంలో ఉంచి, అప్పటికే కొంత నలుగుతున్న యాంప్ ముందు పెట్టండి. అది కింది బేస్‌ను కోసి 720 హెర్ట్జ్ ప్రాంతాన్ని ఎత్తి యాంప్‌లోకి తోస్తుంది కనుక టోన్ బిగుతుగా, చిక్కగా అవుతుంది. డిలే, రివర్బ్ వంటివి మాత్రం ఈ దారిలో పెట్టకండి. యాంప్‌కు ఎఫెక్ట్స్ లూప్ (గెయిన్ దశల తరువాత పెడల్స్ తగిలించే రంధ్రాలు) ఉంటే వాటి చోటు అక్కడే, యాంప్ ముందే పెడితే ప్రతిధ్వనులు కూడా నలిగి ముద్దవుతాయి.

చివరి సవరణలు

టోన్ కుదిరిందనుకున్నప్పుడు గిటార్ మీది వాల్యూమ్‌ను 10 నుంచి 4కు తగ్గించి అదే కార్డు వాయించండి. గరగర తొలగి దాదాపు శుభ్రమైన ధ్వని రావాలి. రాకపోతే గెయిన్ ఇంకా ఎక్కువే ఉంది. రికార్డు చేయాలంటే ఎస్ఎం 57 వంటి మైకును స్పీకరు జాలీకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, శంకువు నడిబొడ్డుకు కాకుండా కొంచెం పక్కకు చూసేలా పెట్టండి. ఒక్క అంగుళం జరిపితే వచ్చే మార్పు ట్రెబుల్ నాబు తిప్పితే వచ్చేదాని కన్నా పెద్దది.

పని అయ్యాక నాబుల పలకను ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధిలో ఉంటే, ఫొటోతో పాటు ఆ పూట వోల్టేజీ ఎంతో కూడా రాసుకోండి, ఎందుకంటే 200 వోల్టుల దగ్గర కుదిర్చిన టోన్ 235 దగ్గర మరింత గట్టిగా, కొంచెం కరుకుగా వినిపిస్తుంది. రిహార్సల్ కాజీపేటలో ఉండి యాంప్‌ను ఆటోలో తీసుకెళ్లవలసి వస్తే, ఆపిన వెంటనే ఎత్తకుండా ఒక ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. వేడిగా ఉన్న ట్యూబుల్లోని ఫిలమెంట్లు గతుకులకు తట్టుకోలేవు.