సెలవుల ప్రయాణంలో పిల్లలకూ ఒక మాట

పిల్లలను “ఎక్కడికి వెళ్దాం?” అని ఊరికే అడగకండి. వాళ్లు ఆశపడి చెప్పిన ఊరిని మనం కాదనాల్సి వస్తే ఇంకెప్పుడూ మనసు విప్పి చెప్పరు. ఖర్చు, సెలవులు, ఇంట్లో పెద్దవాళ్ల ఓపిక ముందు మనం తేల్చుకోవాలి. వాటికి లోబడిన రెండు ఊళ్లే పిల్లల ముందు పెట్టాలి. విజయవాడలో ఉండే మేము దసరాకు హంపి, విశాఖ–అరకు పెట్టాం. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి ఈ మాటలు అంతకు ముందే జరగాలి.

ఓట్లు మాత్రం పెట్టకండి, ఓడిన పిల్ల ప్రయాణమంతా మూతి ముడుచుకుంటుంది. మా అమ్మాయి హంపి అంది, అబ్బాయి విశాఖ అన్నాడు. అత్తయ్య మోకాళ్ల దృష్ట్యా విశాఖ ఖాయం చేసి, వచ్చే ఏడు మొదటి ఎంపిక అమ్మాయిదని ఆమె చేతనే క్యాలెండర్‌పై రాయించాను.

లెక్కలు పిల్లల ముందే వేయండి. ఐదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు తీసుకుంటే పెద్దల ఛార్జీయే, బెర్తు వద్దంటే సగం. ఇది తెలిశాక మా అమ్మాయి తమ్ముడికి బెర్తు ఉండాల్సిందేనని వాదించి, ఆ డబ్బు కోసం ఒక పూట హోటల్ భోజనం ఖర్చు తనే తీసేసింది.

ఒక్కొక్కరికి ఒక రోజు పూర్తిగా అప్పగించండి. మావాడు కురుసుర జలాంతర్గామిని కోరుకున్నాడు. 2001లో నౌకాదళం నుంచి విరమించిన దాన్ని మరుసటి ఏడాది రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా మార్చారు. సోమవారం సెలవని వాడే కనుక్కుని, తన రోజును మంగళవారానికి మార్చుకున్నాడు. లోపల గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి, పెద్దవాళ్లకు కష్టం. అందుకే ఆ గంట నాయనమ్మతో బీచ్‌లో ఎవరు కూర్చోవాలో కూడా వాడినే నిర్ణయించమన్నాను. తాతయ్య పేరు రాశాడు.

అమ్మాయి రోజున పొద్దున్నే కిరండూల్ రైల్లో అరకు, తిరుగుదారిలో కారులో అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు. గుహల్లో మెట్లు చాలా ఉంటాయి, అక్కడా పెద్దవాళ్ల సంగతి ముందే ఆలోచించాలి. రైలు దారిలో వచ్చే సొరంగాలు లెక్కపెట్టే పని తమ్ముడికి ఇచ్చింది.

పదమూడు దాటిన పిల్లలకైతే బస వెతికే పని కూడా ఇవ్వవచ్చు, డబ్బు కట్టే ముందు మీరు ఒకసారి చూస్తే చాలు. వాళ్లు రాసుకున్న రోజును మాత్రం వాన వస్తే తప్ప మార్చకండి. మార్చక తప్పకపోతే బదులు ఏం చేయాలో వాళ్లనే అడగండి.