మిలార్డ్ లాంగ్ ఆటజీవితాన్ని కూర్చడం ఎలా?

అమెరికా ఆటగాడు మిలార్డ్ లాంగ్ గురించి వెతికేటప్పుడు సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) వార్తలతోనే ఆగిపోకండి. నేను అలా ఆగిపోయి ఆ మనిషిని సగమే చూశాను. ఈయన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో లాక్రాస్ (చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే జట్టు ఆట) కూడా ఆడారు. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో లాక్రాస్‌ను ప్రదర్శన క్రీడగా పెట్టినప్పుడు అమెరికా తరఫున దిగింది ఆ విశ్వవిద్యాలయ జట్టే!

ముందుగా నోటుపుస్తకంలో పేజీ మధ్య నిలువు గీత గీయండి. ఎడమవైపు సాకర్, కుడివైపు లాక్రాస్. దొరికిన ప్రతి వార్తకూ తేదీ, ఊరు, జట్టు రాయండి. పాత అమెరికా పత్రికల్లో ‘ఫుట్‌బాల్’ అని వెతికితే అమెరికన్ ఫుట్‌బాల్ అనే వేరే ఆట వచ్చిపడుతుంది. ‘సాకర్’ అనే వెతకాలి. స్కోరు పట్టికలో ‘లాంగ్’ అని ఇంటిపేరు మాత్రమే ఉంటే పెన్సిలుతో రాసుకోండి. మరో ఆధారం దొరికాకే సిరా. చివరగా అమెరికా సాకర్, లాక్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవం) జాబితాలు తెరవండి. రెండింటిలోనూ ఆయన ఉన్నారు.